వేసిన క్లోరిన్ కాదు, మిగిలిన క్లోరిన్ చెప్పండి

ఈ మధ్య బెజవాడ చుట్టుపక్కల ఎవరు ఇల్లు కడుతున్నా ప్లాన్లో ఓ నీలం రంగు దీర్ఘచతురస్రం కనిపిస్తోంది. తాడేపల్లి, కుంచనపల్లి, పోరంకి, గొల్లపూడి, ఎటు వెళ్ళినా ఇదే వరస. అపార్ట్‌మెంట్ అయితే బ్రోచర్లో జిమ్ పక్కన స్విమ్మింగ్ పూల్ బొమ్మ ఉండాల్సిందే. సొంత ఇల్లయితే ఒకప్పుడు పశువుల పాక ఉండే పెరట్లో పూల్. ఇందులో మన సాఫ్ట్‌వేర్ వాళ్ళ డబ్బు తక్కువేం కాదు. కట్టించినాయన డల్లాస్‌లోనో గచ్చిబౌలిలోనో ఉంటాడు. ఈదే పిల్లలు ఇక్కడుంటారు. నీళ్ళ సంగతి చూసేది మాత్రం వాచ్‌మన్.

పూల్ కట్టుకోవడం మీద నాకేం పేచీ లేదు. నా పేచీ అంతా ఒక్క జవాబు మీద. "క్లోరిన్ సంగతేంటి?" అని ఎవర్నడిగినా వచ్చే జవాబు ఒకటే: "వేస్తున్నామండీ." ఎంత వేస్తున్నారు? "పొద్దున్నే రెండు గుప్పిళ్ళండి." మరి ఇప్పుడు నీళ్ళలో ఎంత ఉంది? దీనికి మాత్రం జవాబు రాదు. అడిగినవాణ్ణే వింతగా చూస్తారు. "నీళ్ళు అద్దంలా ఉన్నాయి కదా బావా, ఇంకేం కావాలి?" అంటాడు ఇంటాయన వీడియో కాల్లో.

మన ఆఫీసుల్లో ఎవడైనా "డిప్లాయ్ చేసేశాను, ఇక నా పనైపోయింది" అంటే ఊరుకుంటామా? సర్వర్ నడుస్తోందా, లాగ్ ఏమంటోంది, అలర్ట్ పెట్టావా లేదా అని పీక్కు తింటాం. అదే మనం, మన పిల్లలు నోరూ ముక్కూ చెవులూ ముంచే నీళ్ళ దగ్గరికొచ్చేసరికి "రెండు గుప్పిళ్ళు" అంటే సరేనని తలూపుతాం. ఈ టపాలో నా గోలంతా దాని గురించే. ఎంత వేశామన్నది లెక్కలోకి రాదు, ఎంత మిగిలిందన్నదే లెక్క. ఆ అంకె రోజూ చూసి రాసిపెట్టే ఓపిక లేని ఇంట్లో పూల్ ఉండకూడదు.

ముందుగా ఒక అభ్యంతరం తేల్చేద్దాం. "మా తాతలు కాలవల్లో ఈదలేదా, వాళ్ళకేం క్లోరిన్ ఉంది?" అంటారు కొందరు. ఈదారు, నిజమే. బెజవాడలో ఒకప్పుడు ఈత నేర్చుకోవడమంటే కృష్ణ ఒడ్డున ఘాట్లు, ఊరి మధ్యనించి పోయే ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ. అవి పారే నీళ్ళు. ఒకడి ఒంటి మురికి ఇంకొకడి దాకా వచ్చేలోపు పల్చబడిపోయేది. అప్పుడు మాత్రం కలరాలు రాలేదా అంటే వచ్చాయి, అదో కథ. ఇప్పుడా కాలవల్లో ఊరి మురుగు కలుస్తోంది, పిల్లల్ని దింపే ధైర్యం ఎవరికీ లేదు. గాంధీనగర్లో కార్పొరేషన్ వాళ్ళ సర్ విజ్జీ పూల్ లాంటివి ఇంత ఊరికి ఏ మూలకి? చుట్టూ నీళ్ళే ఉన్న డెల్టాలో పుట్టిన పిల్లలకి ఈత సరదా కోసమే కాదు, ప్రాణం కోసం కూడా రావాలి. అందుకే ఇంటి పూల్‌ని నేను దుబారా అనను. కాకపోతే పూల్లో నీళ్ళు పారవు. అవే నీళ్ళు ఫిల్టర్ గుండా వెళ్ళి మళ్ళీ అక్కడికే వస్తాయి. నదిలో ప్రవాహం చేసే పనిని పూల్లో క్లోరిన్ చెయ్యాలి. అదీ పొద్దున్న ఒకసారి కాదు, ప్రతి నిమిషం.

ప్రతి నిమిషం అని ఎందుకంటున్నానో చూడండి. లీటరుకి 1 మిల్లీగ్రాము, అంటే 1 పీపీఎం ఫ్రీ క్లోరిన్, 7.5 పీహెచ్, 25 డిగ్రీల నీళ్ళు అనుకుంటే, ప్రమాదకరమైన ఈ.కోలై రకం నిమిషం లోపు చస్తుంది. హెపటైటిస్ ఏ వైరస్‌కి 16 నిమిషాలు పడుతుంది. జియార్డియాకి 45 నిమిషాలు. క్రిప్టోస్పోరిడియం అనే మొండిఘటం మాత్రం అదే నీళ్ళలో పది రోజులకి పైగా బతుకుతుంది. ఇవి అమెరికా సీడీసీ వాళ్ళు చెప్పే లెక్కలు. నీళ్ళలో ఆ 1 పీపీఎం ఎప్పుడూ సిద్ధంగా ఉంటే ఒక పిల్లాడి దగ్గర్నుంచి వచ్చిన చాలా క్రిములు పక్క పిల్లాడి నోట్లోకి వెళ్ళేలోపే చచ్చిపోతాయి. మధ్యాహ్నం మూడింటికి అది సున్నా అయిపోయి ఉంటే, పొద్దున్న ఎనిమిదింటికి మీ వాచ్‌మన్ గుప్పెడు వేశాడా బకెట్టు వేశాడా అన్నది చరిత్ర మాత్రమే.

ఇంతకీ వేసిన క్లోరిన్ ఏమైపోతుంది? దాన్ని తినేవాళ్ళు చాలామందే ఉన్నారు.

మొదటివాడు సూర్యుడు. స్టెబిలైజర్ లేని నీళ్ళలో మంచి ఎండలో గంటలోపే సగం క్లోరిన్ హరీమంటుంది. బెజవాడ మే నెల ఎండ గురించి మీకు నేను చెప్పక్కర్లేదు, 45 డిగ్రీలు కొట్టే రోజులుంటాయి. గంటకి సగం అని ఉదారంగానే వేసుకున్నా, ఎనిమిదింటికి 3 పీపీఎం ఉన్నది తొమ్మిదింటికి ఒకటిన్నర, పదింటికి ముప్పావు, పదకొండింటికి నామమాత్రం. పిల్లలు దిగేది సాయంత్రం నాలుగున్నరకి!

రెండోవాళ్ళు మనమే. చెమట, మూత్రం, సన్‌స్క్రీన్, అన్నిటికంటే ముఖ్యంగా మన వాళ్ళ తలకి పట్టించిన కొబ్బరి నూనె. ఇవన్నీ క్లోరిన్‌ని ఖర్చు పెట్టిస్తాయి. మామూలు రోజు ఇద్దరు పిల్లలు దిగే పూల్లో సంక్రాంతికి పాతికమంది చుట్టాలు దిగుతారు. ఆ రోజూ అదే రెండు గుప్పిళ్ళా? లోడ్ పది రెట్లు పెరిగితే మన సర్వర్లకి ఏమవుతుందో మనకి తెలుసు కదా.

మూడోది పీహెచ్. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. నీళ్ళలో క్లోరిన్ రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి హైపోక్లోరస్ ఆమ్లం, క్రిముల్ని చంపే మొనగాడు. రెండోది హైపోక్లోరైట్ అయాన్, బద్ధకస్తుడు. ఏది ఎంత ఉండాలో పీహెచ్ నిర్ణయిస్తుంది. 7.2 దగ్గర మొనగాడి వాటా సుమారు 66 శాతం. 7.5 దగ్గర సగం. 8 దగ్గర పావు వంతు కూడా ఉండదు. స్టెబిలైజర్ వేసిన నీళ్ళలో ఈ తేడా ఇంత నిట్టనిలువుగా ఉండదు గానీ, దిశ మాత్రం అదే. మన డెల్టాలో బోరు నీళ్ళు చాలా చోట్ల క్షారంగా, గట్టిగా ఉంటాయి. కింద బందరు వైపు వెళ్తే ఉప్పదనం కూడా. దానికి తోడు బ్లీచింగ్ పౌడర్లో సున్నం ఉంటుంది కాబట్టి అది పీహెచ్‌ని ఇంకా పైకి తోస్తుంది, టైల్స్ మీద తెల్లగా పేరుకుంటుంది. అంటే మందు వేసే కొద్దీ మందు పని చేసే పరిస్థితి తగ్గిపోతూ ఉంటుంది. అందుకే పీహెచ్‌ని 7.2 నుంచి 7.6 మధ్య పట్టి ఉంచకుండా క్లోరిన్ ఒక్కటే పెంచుకుంటూ పోవడం, మెమరీ లీక్‌ని వదిలేసి ర్యామ్ కొనడం లాంటిది.

నాలుగో దొంగ డబ్బాలోనే ఉంటాడు. బ్లీచింగ్ పౌడర్ కొత్తదైతే అందులో దాదాపు 33 శాతం పనికొచ్చే క్లోరిన్ ఉంటుంది. మూత సరిగ్గా పెట్టకుండా జనరేటర్ గదిలో ఒక ఎండాకాలం ఉంచండి, బస్తా బస్తాలాగే ఉంటుంది, సరుకు మాత్రం ఉండదు. ద్రవ రూపంలో అమ్మే సోడియం హైపోక్లోరైట్ ఇంకా తొందరగా నీరసపడుతుంది. ఇవాళ్టి గుప్పెడూ మూడు నెలల తర్వాతి గుప్పెడూ ఒకటి కావు.

ఇప్పుడు చెప్పండి, ఇన్ని మారుతుంటే రోజూ ఒకే మోతాదు హార్డ్‌కోడ్ చెయ్యడం ఎలా కుదురుతుంది? లెక్క మాత్రం చాలా తేలిక. 33 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు, సగటున 4 అడుగుల లోతు ఉన్న పూల్లో దాదాపు 50 వేల లీటర్లు పడతాయి. అందులో 1 పీపీఎం పెరగాలంటే 50 గ్రాముల క్లోరిన్ కావాలి. అంటే మంచి బ్లీచింగ్ పౌడర్ 150 గ్రాములు, లేదా 10 శాతం ద్రవం అర లీటరు, లేదా 90 శాతం ఉండే టీసీసీఏ సుమారు 55 గ్రాములు. ఇప్పుడు ఎంత ఉందో తెలిస్తే ఎంత వెయ్యాలో ఏడో క్లాసు పిల్లాడు చెప్తాడు. తెలియకపోతే ఐఐటీ వాడు కూడా చెప్పలేడు.

మరి స్టెబిలైజర్ వేస్తే ఎండ బాధ తప్పుతుంది కదా అంటారా? తప్పుతుంది, అందులో ఇంకో గొయ్యి ఉంది. స్టెబిలైజర్ అంటే సైన్యూరిక్ ఆమ్లం. క్లోరిన్‌ని వదులుగా పట్టుకుని ఎండ నుంచి కాపాడుతుంది. 30 నుంచి 50 పీపీఎం ఉంటే మన ఎండకి మహాభాగ్యం. టీసీసీఏ బిళ్ళల్లో ఇది లోపలే ఉంటుంది, విడిగా వేసే పనిలేదు. కానీ ఆ బిళ్ళలతో 1 పీపీఎం క్లోరిన్ వేసిన ప్రతిసారీ దాదాపు 0.6 పీపీఎం సైన్యూరిక్ ఆమ్లం కూడా పడుతుంది. క్లోరిన్ ఖర్చయిపోతుంది, ఇది పోదు. రోజుకి 2 పీపీఎం చొప్పున వేస్తే మూడు నెలల్లో 100 దాటుతుంది. అప్పుడది కాపాడటం మానేసి క్లోరిన్ చేతులు కట్టేస్తుంది. పూల్ పిచ్చి బాగా ఉన్నవాళ్ళు పాటించే లెక్క ఒకటుంది: సైన్యూరిక్ ఆమ్లం ఎంత ఉందో అందులో ఏడున్నర శాతమైనా ఫ్రీ క్లోరిన్ ఉండాలి. 40 ఉన్నప్పుడు 3 సరిపోతుంది. 108 అయ్యాక 8 కావాలి. టెస్టులో అదే 3 కనిపిస్తూ ఉంటుంది, నీళ్ళు మాత్రం ఒక వారం తర్వాత పచ్చబడతాయి. "క్లోరిన్ ఉంది కదండీ!" అని వాచ్‌మన్ లబోదిబోమంటాడు. పాపం అతని తప్పేం లేదు. దీన్ని తగ్గించే సులువైన మార్గం కొంత నీళ్ళు తీసేసి కొత్త నీళ్ళు పట్టడమే. అసలు ఆ స్థితికి రాకూడదంటే, మొదట్లో బిళ్ళలతో 30, 40 దాకా తెచ్చుకుని, ఆ తర్వాత ద్రవానికి మారడం మంచిది.

ఇంకో పెద్ద అపోహ వాసన. "మా పూల్ దగ్గరికి వెళ్తేనే క్లోరిన్ గుప్పుమంటుంది, అంత గట్టిగా వేయిస్తున్నాను" అని గొప్పగా చెప్పుకునేవాళ్ళున్నారు. సరిగ్గా ఉన్న పూల్ పెద్దగా వాసన రాదు. ఆ ఘాటు క్లోరమైన్లది. చెమటలో మూత్రంలో ఉండే నత్రజనితో క్లోరిన్ కలిస్తే పుట్టే సరుకు అది. కళ్ళు మండేదీ ఎర్రబడేదీ ఎక్కువగా దానివల్లే. అంటే వాసన వస్తోందంటే చాలాసార్లు క్లోరిన్ ఎక్కువై కాదు, ఉండాల్సినంత లేక. టోటల్ క్లోరిన్లోంచి ఫ్రీ క్లోరిన్ తీసేస్తే వచ్చేదే ఈ చెత్త. అది అర పీపీఎం దాటితే మామూలు మోతాదుతో పోదు, ఒకేసారి గట్టిగా వేసి దాన్ని విరగ్గొట్టాలి. ఆ రోజు ఎవర్నీ దింపకూడదు.

సరే, ఎలా కొలవాలి? మన దగ్గర చౌకగా దొరికేవి రెండు రకాలు. నీళ్ళని పసుపు రంగుకి మార్చేది ఆర్థో టాలిడిన్, మన పంచాయితీ వాళ్ళ క్లోరోస్కోపుల్లో ఎన్నో ఏళ్ళుగా వాడింది అదే. అది ఫ్రీ క్లోరిన్‌నీ చెత్త క్లోరిన్‌నీ కలిపి చూపించేస్తుంది. గులాబీ రంగుకి మార్చేది డీపీడీ. అది ఫ్రీ క్లోరిన్‌ని విడిగా చెప్తుంది కాబట్టి పూల్‌కి అదే కొనండి. ధర మనం ఒక శనివారం రాత్రి బయట తినే భోజనం బిల్లు కంటే ఎక్కువేం ఉండదు. అందులోనూ ఒక తిరకాసు ఉంది. క్లోరిన్ 10 పీపీఎం దాటి బాగా ఎక్కువగా ఉంటే ఆ గులాబీ రంగే వెలిసిపోయి నీళ్ళు తెల్లగా కనిపిస్తాయి. చూసినవాడు సున్నా అనుకుని ఇంకో గుప్పెడు వేస్తాడు! అనుమానమొస్తే అదే పూల్ నీళ్ళలో నాలుగింతలు మినరల్ వాటర్ కలిపి మళ్ళీ చూడండి, గులాబీ రంగు వస్తే క్లోరిన్ ఎక్కువున్నట్టు.

నా లెక్కలో ఇంటి పూల్‌కి కావాల్సిన దినచర్య ఇంతే:

1. రోజుకి రెండుసార్లు, అందులో ఒకసారి తప్పనిసరిగా పిల్లలు దిగే ముందు, ఫ్రీ క్లోరిన్, పీహెచ్ చూడాలి. సీడీసీ చెప్పే కనీసం 1 పీపీఎం, స్టెబిలైజర్ వాడితే 2. మన ఎండకి స్టెబిలైజర్ 30, 40 మధ్య ఉంచుకుని క్లోరిన్ 3, 4 దగ్గర పెట్టుకుంటే నిశ్చింత.

2. మోతాదు సాయంత్రం పొద్దు కుంకాక, పంపు నడుస్తుండగా వెయ్యాలి. రాత్రంతా ఎండ దొంగ ఉండడు.

3. నెలకోసారి సైన్యూరిక్ ఆమ్లం, ఆల్కలినిటీ.

4. అంకెలన్నీ తేదీ, టైముతో ఒక పుస్తకంలోనో గోడ మీద బోర్డు మీదో. వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టమంటే ఇంకా మంచిది. డల్లాస్‌లో ఉన్నాయనకి అదే డాష్‌బోర్డు.

క్లోరిన్ నిలవడం లేదని అనుమానం ఉంటే డీబగ్ చెయ్యడానికి మంచి ఉపాయం ఒకటుంది. పొద్దుగూకాక వేసి, కలిశాక ఒకసారి కొలవండి. తెల్లారి ఎండ పడకముందే మళ్ళీ కొలవండి. రాత్రి ఎండా లేదు, మనుషులూ లేరు. అయినా 1 పీపీఎం కంటే ఎక్కువ తగ్గిందంటే నీళ్ళలోనే ఏదో తినేది ఉన్నట్టు. కళ్ళకి కనపడకముందే పాచి మొదలైందన్నమాట. పగలు మాత్రమే తగ్గుతుంటే ఎండ పని. ఒక్కో కారణాన్ని విడదీసి చూడటం మనకి కొత్త విద్యేం కాదు కదా.

ఇక ఈ కొలిచే మనిషి గురించి. అపార్ట్‌మెంట్లలో నన్ను బాగా భయపెట్టేది నీళ్ళు కాదు, కెమికల్స్ పెట్టే గది. టీసీసీఏ బిళ్ళలు, బ్లీచింగ్ పౌడర్, పీహెచ్ తగ్గించే యాసిడ్, పక్కనే డీజిల్ డబ్బా, అన్నీ ఒకే అరలో. టీసీసీఏకీ బ్లీచింగ్ పౌడర్‌కీ ఒకే చెంచా వాడటం కూడా ప్రమాదమే, ఆ రెండూ కలిస్తే అంటుకోవచ్చు, పేలొచ్చు కూడా. యాసిడ్ బ్లీచింగ్ మీద పడితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. 2024 సెప్టెంబర్ 29న జార్జియాలో కాన్యర్స్ దగ్గర బయోల్యాబ్ వాళ్ళ పూల్ కెమికల్స్ కర్మాగారంలో మంటలు లేస్తే దాదాపు 17 వేలమందిని ఇళ్ళు ఖాళీ చేయించారు. అట్లాంటాలో ఉన్న మనవాళ్ళకి ఆ పొగా వాసనా గుర్తుండే ఉంటాయి. అది ఫ్యాక్టరీ, మనది అర అల్మరా. కానీ ఆ గదిలోకి వట్టి చేతులతో, తడి మగ్గుతో వెళ్ళేది పది వేల జీతానికి పన్నెండు గంటలు పనిచేసే మనిషి. అతనికి గ్లవ్స్, కళ్ళజోడు కొనిచ్చి, ఏది దేంతో కలపకూడదో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి అంటించి, కొలవడం నేర్పించి, ఆ పనికి విడిగా నాలుగు రూపాయలు ఇవ్వడం అసోసియేషన్ బాధ్యత. టైల్స్ ఇటలీవా స్పెయిన్‌వా అని మూడు మీటింగులు పెట్టుకున్నవాళ్ళం దీనికి ఒక మీటింగ్ పెట్టుకోలేమా?

"మాది సాల్ట్ వాటర్ పూలండీ, క్లోరిన్ ఉండదు" అనే వాళ్ళకో మాట. ఉంటుంది. ఆ మిషను చేసే పనే ఉప్పులోంచి కరెంటుతో క్లోరిన్ తయారు చెయ్యడం. గుప్పెడు మందు వేసే బాధ తప్పుతుంది, కొలిచే బాధ తప్పదు. ఓజోన్, యూవీ లాంటివి క్రిప్టో మీద బాగానే పనిచేస్తాయి, కానీ నీళ్ళు వాటి ముందునించి పోయేటప్పుడే. పూల్లో పిల్లాడి పక్కన కాపలా ఉండేది మిగిలిన క్లోరినే. కేరళలో 2024, 2025 సంవత్సరాల్లో మెదడుకి సోకే అమీబా కేసులు చాలా బయటపడ్డాక అక్కడ బావుల్నీ ట్యాంకుల్నీ క్లోరినేట్ చేసే కార్యక్రమాలు పెట్టారు. ఆ అమీబాల్లో నెగ్లీరియాకి గోరువెచ్చటి, పట్టించుకోని నీళ్ళంటే ఇష్టం. మన మే నెల పూల్లో నీళ్ళు ఎలా ఉంటాయో చెప్పాలా?

కొలిచే అలవాటు మన నేలకి కొత్త అనుకోకండి. కైకలూరు, భీమవరం వైపు చెరువుల రైతుల్ని చూడండి. రొయ్య పిల్లల్ని వదిలే ముందు నీళ్ళని బ్లీచింగ్‌తో శుభ్రం చేసి, క్లోరిన్ పూర్తిగా పోయిందని చూసుకునేదాకా పిల్ల వెయ్యరు. ఆ తర్వాత కూడా పీహెచ్, అమ్మోనియా, ఆక్సిజన్ అంటూ ఆక్వా ల్యాబుల చుట్టూ తిరుగుతారు. అంకె తప్పితే పంట పోతుందని వాళ్ళకి తెలుసు. రొయ్యకి ఇచ్చిన మర్యాద మన పిల్లలకి ఇవ్వడానికి ఏమొచ్చింది?

పూల్ లేనివాళ్ళు "మాకెందుకీ గోల" అనుకుంటున్నారేమో. మీ ఇంటి కింద సంపు ఉంది కదా, అది మూత ఉన్న పూల్. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరి పేట వైపు ఇళ్ళన్నీ మునిగినప్పుడు ఆ వరదా మురుగూ సంపుల్లోకి దిగాయి. ఆ మర్నాడే ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులు వదిలారు, అంత వరద ఆ బ్యారేజీ అంతకు ముందు చూడలేదు. నీళ్ళు తీశాక అందరూ చేసిన పని సంపు కడిగి బ్లీచింగ్ వెయ్యడం. మంచిదే. కానీ ఎంతమంది అరగంట ఆగి కుళాయి దగ్గర ఎంత మిగిలిందో చూశారు? మన తాగునీటి ప్రమాణం, ఐఎస్ 10500, మాట్లాడేది మిగిలిన క్లోరిన్ గురించే: లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు, వైరస్‌ల భయం ఉన్నప్పుడు 0.5. వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ అన్నది పాఠ్యపుస్తకాల్లో చెప్పే మొదటి మోతాదు. అరగంట, గంట ఆగి కొలిచి, మిగల్లేదంటే ఇంకాస్త వెయ్యాలి. అంతే విద్య.

మన ప్రభుత్వాల సంగతీ ఇంతే. మంత్రి గారు వస్తున్నారంటే రోడ్డుకి రెండు పక్కలా ముగ్గు వేసినట్టు తెల్లగా బ్లీచింగ్ చల్లుతారు. అది కంటికి కనిపించే క్లోరిన్, క్రిములకి కనిపించదు. విద్యాధరపురం హెడ్ వాటర్ వర్క్స్‌లో ఎంత కలిపారన్నది ఒక అంకె. మైళ్ళ దూరం పైపుల్లో ప్రయాణం చేసి, మురుగు కాలవ పక్కనించి, లీకుల గుండా వచ్చి మీ వంటింటి కుళాయిలో మిగిలింది ఇంకో అంకె. 2025 సెప్టెంబర్‌లో న్యూ రాజరాజేశ్వరి పేటలో వాంతులు, విరేచనాలతో జనం ఆసుపత్రుల్లో చేరినప్పుడు కారణం నీళ్ళా తిండా అని చాలా వాదనలు నడిచాయి. వీధి వీధికీ చివరి కుళాయి దగ్గర రోజూ తీసిన అంకెలు జనం ముందు ఉంటే ఆ వాదనలో నీళ్ళ సంగతి చాలామటుకు ఒక్క పూటలో తేలేది.

కాబట్టి నేను అడిగేవి మూడే. పూల్ కట్టుకున్న ఇంట్లో వాచ్‌మన్ కాక ఇంకొకరికి, వీలైతే ఆ ఈదే పిల్లలకే, కొలవడం రావాలి. పన్నెండేళ్ళ పిల్లకి ఇంతకంటే మంచి కెమిస్ట్రీ ల్యాబ్ ఉండదు. అపార్ట్‌మెంట్ పూల్ గేటు మీద "డైవింగ్ నిషేధం" బోర్డు పక్కన ఇవాళ్టి ఫ్రీ క్లోరిన్, పీహెచ్, చూసిన టైము రాసి ఉండాలి. ఖాళీగా ఉంటే ఆ పూట గేటు తియ్యకూడదు. మూడోది, మెయింటెనెన్స్ మీటింగులో పూల్ గురించి అడిగే ప్రశ్ననే మన వార్డు కార్పొరేటర్నీ అడగాలి: మా చివరి కుళాయిలో ఎంత మిగిలింది?

రూపాయి జీతం పెంచకుండా, కొత్త మిషన్ కొనకుండా మారగలిగింది కూడా ఒకటుంది, మనం వేసే ప్రశ్న. ఈసారి ఎవరైనా "మా పూల్‌కి రండి, పిల్లల్ని కూడా తీసుకురండి" అంటే టవల్ సర్దుకునే ముందు అంకె అడగండి. "వేస్తున్నామండీ" అన్నారో, పిల్లలకి ఆ రోజు జలుబు చేసిందని చెప్పేయండి.